మా అమ్మ హాస్టల్లో చేరింది



ఈ పత్రికలో ప్రతి నెలా మనం పిల్లల గురించే మాట్లాడుకుంటాం. పరీక్షల భయం, ఫోన్ అలవాటు, టిఫిన్ బాక్సులో ఏం పెట్టాలి, హోంవర్క్ ఎవరు చేయించాలి. ఈసారి ఒక్క వ్యాసం వాళ్ల అమ్మమ్మలకూ తాతయ్యలకూ ఇద్దామని అడిగి రాస్తున్నాను. సంబంధం లేని విషయం అనుకోకండి. మనలో చాలామంది ఊళ్లు వదిలి విజయవాడ వచ్చింది పిల్లల చదువు కోసమే. మనం వచ్చేశాక ఆ ఇళ్లలో ఎవరు మిగిలారో మీకు తెలుసు.

మాది ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు. మైలవరం దాటి తిరువూరు వెళ్లే దారిలో ఉంటుంది. ఆ దారిన వెళ్లినవాళ్లు మామిడి తోటలు చూసే ఉంటారు. పేపర్లు చదివేవాళ్లకు మా మండలం పేరు తండాల్లోని కిడ్నీ జబ్బుల వార్తల వల్ల తెలిసి ఉంటుంది. నాన్న ప్రభుత్వ టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన పోయి ఆరేళ్లయింది. అన్నయ్య డల్లాస్‌లో, నేను విజయవాడలో. అమ్మకు ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు.

రెండు ప్రశ్నల ఫోను

ఊళ్లో ఉన్న అమ్మకో నాన్నకో ఫోన్ చేసినప్పుడు మీరేం అడుగుతారో ఒకసారి గుర్తు చేసుకోండి. "అన్నం తిన్నావా?" "మందులు వేసుకున్నావా?" అటు నుంచి "ఆఁ, తిన్నా. వేసుకున్నా" అంటారు. "పిల్లలేం చేస్తున్నారు?" "చదువుకుంటున్నారు." "సరే, ఉంటా మరి." రెండు నిమిషాల్లో అయిపోతుంది.

మన తెలుగువాళ్ల ప్రేమంతా "తిన్నావా" అన్న ఒక్క మాటలోనే ఉంటుంది. దాన్ని తక్కువ చేయలేం. కానీ తిండీ మందూ అందుతున్న మనిషికి ఇంకేం తక్కువైందో ఆ రెండు ప్రశ్నలకు తెలియదు. మూడో ప్రశ్న ఒకటి వేసి చూడండి. "ఇవాళ ఎవరితో మాట్లాడావు?" అని. నేను అలా అడిగిన రోజు అమ్మ కాసేపు ఆలోచించి, "పొద్దున పాలబ్బాయి వచ్చాడుగా" అంది. అప్పుడు టైము సాయంత్రం ఏడు.

మన భాషలో ఏకాంతం, ఒంటరితనం అని రెండు మాటలున్నాయి. ఏకాంతం మనం కోరుకునేది. తిరుమలలో స్వామివారికి కూడా రోజు చివర ఏకాంత సేవ ఉంది. ఒంటరితనం కోరకుండా వచ్చి కూర్చునేది. ఇంట్లో ఒక్కరే ఉన్నా హాయిగా ఉండేవాళ్లున్నారు. నిండు ఇంట్లో ఒంటరిగా బతికేవాళ్లూ ఉన్నారు. అందుకని మనిషి ఎక్కడ ఉన్నాడో చూస్తే సరిపోదు. రోజులో ఎన్ని మాటలు పడుతున్నాయో చూడాలి.

ఇది మనసుకు సంబంధించిన చిన్న బెంగ కదా అని తీసేయడానికి లేదు. అమెరికాలో నేషనల్ అకాడమీస్ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం, నలుగురికీ దూరంగా ఉండిపోయిన పెద్దవాళ్లకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, వచ్చే ముప్పు దాదాపు 50 శాతం ఎక్కువ. మనుషులతో సంబంధాలు సన్నగిల్లినవాళ్లకు గుండె జబ్బు ముప్పు 29 శాతం, పక్షవాతం ముప్పు 32 శాతం ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదికలో ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని చెప్పింది. అందులో మన తల్లిదండ్రులందరం చదవాల్సిన మాట ఇంకొకటుంది. ఈ బాధ పెద్దవాళ్లలో కన్నా టీనేజ్ పిల్లల్లో ఎక్కువట. ఒకే కుటుంబంలో ఇటు చివర పదిహేనేళ్ల పిల్లాడు, అటు చివర డెబ్బై అయిదేళ్ల నాయనమ్మ. ఇద్దరికీ ఉన్నది ఒకటే లోటు. మధ్యలో ఉన్న మనం ఇద్దరినీ "తిన్నావా" అనే అడుగుతున్నాం.

మూడు ఇళ్లు

నాన్న పోయాక అమ్మ మూడు ఇళ్లలో ఉంది.

మొదటిది ఎ.కొండూరులో సొంతిల్లు. అమ్మకు అన్నీ తెలిసిన చోటు. కానీ ఆమెకు తెలిసిన ఊరు అక్కడ కొంచెం కొంచెంగా తగ్గిపోతూ వచ్చింది. ఎదురింటివాళ్లు కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్లారు. పక్కింటి పెద్దమ్మ పోయింది. సాయంత్రం అరుగు మీద కూర్చునేవాళ్లు ఎనిమిది మంది ఉండేవాళ్లు, ఇద్దరయ్యారు. ఒకరికి చెవులు వినబడవు, ఒకరికి మోకాళ్ల నొప్పులు.

రెండోది విజయవాడలో మా ఫ్లాటు, మూడో అంతస్తు. పొద్దున ఏడింటికి పిల్లల బస్సు వస్తుంది. తొమ్మిదికి మేమిద్దరం ఆఫీసులకు బయల్దేరతాం. పిల్లలు స్టడీ అవర్ ముగించుకుని వచ్చేసరికి చీకటి పడుతుంది. అమ్మ రోజంతా టీవీతో, బాల్కనీతో గడిపేది. దానికి తోడు మన ఆనవాయితీ ఒకటి ఉండనే ఉంది. "కూతురింట్లో ఎన్నాళ్లని ఉంటానే? అల్లుడుగారు మంచివాడే, అయినా..." అనేది. ఆ "అయినా" తర్వాత ఏముందో ఆడపిల్లల తల్లులందరికీ తెలుసు.

మూడోది డల్లాస్‌లో అన్నయ్య ఇల్లు. విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉంది. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి చోట్ల తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు. గుళ్లున్నాయి, పండగలున్నాయి. కానీ కారు నడపడం రాని మనిషికి అక్కడ గుడి కూడా శని, ఆదివారాల్లోనే. మిగతా అయిదు రోజులు పెద్ద ఇల్లు, మూసిన తలుపులు, స్కూలు నుంచి వచ్చి ఇంగ్లీషులో మాట్లాడే మనవలు. వదిన బాగా చూసుకుంది. అమ్మే ఆ మాట పదిమందికి చెప్పింది.

మూడు ఇళ్లలోనూ అమ్మకు తిండికి లోటు లేదు, ప్రేమకు లోటు లేదు. లేనిదల్లా పగటిపూట పక్కన ఒక మనిషి.

బెంచీ మీద స్నేహం

మన పిల్లలకు స్నేహితులు ఎలా దొరికారో ఆలోచించండి. మనం వెతికి పెట్టలేదు. రోజూ అదే బస్సు, అదే బెంచీ, అదే లంచ్ టైమ్. ఒకే వయసువాళ్లు, ఎవరూ పిలవకుండానే రోజూ కలుస్తారు. స్నేహానికి కావాల్సింది అదే. మనలాంటివాళ్లకు ఆఫీసు ఆ పని చేసి పెడుతుంది. డెబ్బై దాటిన మనిషికి ఆ బెంచీ ఎక్కడుంది?

నాన్నతో కలిసి పనిచేసిన మాస్టారి భార్య ఒకావిడ, అమ్మ ఆవిడను వదినగారూ అని పిలుస్తుంది, విజయవాడ శివార్లలో పెద్దవాళ్ల కోసం కట్టిన ఒక హోమ్‌లో చేరారు. చూడటానికి వెళ్లిన అమ్మ అక్కడి గెస్ట్ రూములో పది రోజులు ఉండిపోయింది. వచ్చాక, "నేనూ చేరతానే" అంది. ఫ్యామిలీ పెన్షనూ మామిడి తోట కౌలూ కలిపితే ఖర్చు సరిపోతుందని లెక్క కూడా తనే వేసుకుని వచ్చింది.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. అన్నయ్య అమెరికా నుంచి ఫోన్లో ఏడ్చాడు. "మేమిద్దరం ఉండగా నీకు ఆశ్రమం ఏంటమ్మా?" అన్నాడు. మా బాబాయి ఊరి నుంచి వచ్చి, "నలుగురూ ఏమనుకుంటారు వదినా?" అన్నాడు. అమ్మ ఆయనకు కాఫీ ఇచ్చి, "నలుగురూ ఏమనుకుంటారో తర్వాత చూద్దాం మరిదిగారూ. ముందు నాకు రోజూ కనబడే నలుగురు కావాలి" అంది. బాబాయి ఇంకేం మాట్లాడలేదు.

మా అబ్బాయి ఒక ఏడాది హాస్టల్లో చదివాడు. వాడు మాత్రం అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టుకుని సలహాలిచ్చాడు. "మొదటి రెండు వారాలే కష్టం అమ్మమ్మా. తర్వాత ఇంటికి రమ్మన్నా నువ్వే రావు. మెస్‌లో పెరుగు ఎలా ఉంటుందో మాత్రం ముందే కనుక్కో." పదేళ్ల పిల్లాణ్ని ట్రంకు పెట్టెతో హాస్టల్లో దింపి వచ్చి గర్వంగా చెప్పుకుంటాం. తన ఇష్టంతో, తన డబ్బుతో చేరతానన్న పెద్దావిడ విషయంలో మాత్రం తలొంచుకుంటాం. ఇందులో న్యాయమెంతో మీరే చెప్పండి.

వాడు చెప్పినట్టే మొదటి పదిహేను రోజులు కష్టంగా గడిచాయి. తులసి కోట దగ్గర దీపం ఎవరు పెడుతున్నారో అని బెంగ పెట్టుకుంది. ఇప్పుడు పొద్దున్నే నడక, తర్వాత పేపరు మీద వాదన, పది గంటలకు వంటింటివాళ్లతో కూర్చుని చిక్కుళ్లకు ఈనెలు తీయడం. అది ఎవరూ చెప్పిన పని కాదు, వీళ్లే అడిగి తెచ్చుకున్నది. మధ్యాహ్నం అష్టా చెమ్మా. ఒకరోజు భోజనాల దగ్గర 1977 దివిసీమ ఉప్పెన నాడు ఎవరు ఎక్కడున్నారో చెప్పుకోవడం మొదలుపెట్టి నాలుగింటి దాకా లేవలేదట. ఆ మాటలు నాతో మాట్లాడాలంటే అమ్మ ముందు ఆ కాలమంతా వివరించాలి. అక్కడ ఒక్క ముక్క చెబితే మిగతాది అందరికీ తెలుసు. సమ వయసువాళ్ల తోడులో ఉన్న సుఖం అదేననుకుంటాను.

ఈమధ్య నేను ఫోన్ చేస్తే, "ఉండవే, ఆట మధ్యలో ఉన్నా, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తోంది.

అన్నీ బాగున్నాయని చెప్పను. అక్కడ స్నేహాలు త్వరగా కలుస్తాయి, ఒక్కోసారి త్వరగా తెగిపోతాయి. ఈ ఏడాది అష్టా చెమ్మా ఆడే ఆవిడ ఒకరు పోయారు. అమ్మ వారం రోజులు గది దాటి రాలేదు. నేను వెళ్లి రెండు రాత్రులు దగ్గర పడుకున్నాను. అయితే ఆ వారమంతా పక్క గదులవాళ్లు పూటకొకరు వచ్చి కూర్చున్నారు. దుఃఖం వచ్చినప్పుడు తలుపు తట్టే మనిషి ఉండటం కూడా ఆ చోటు ఇచ్చిందే.

చేరే ముందు చూడాల్సినవి

హోమ్ అనగానే అన్నీ ఒకటి కావు. ఉచితంగా ఉంచుకునే వృద్ధాశ్రమాలు వేరు. ఓపిక ఉన్నవాళ్లు సొంతంగా ఉండే సీనియర్ లివింగ్ ఇళ్లు వేరు. స్నానానికో, మందులకో, నడవడానికో రోజూ సాయం అవసరమైనవాళ్ల కోసం ఉండేవి అసిస్టెడ్ లివింగ్. పూర్తిగా మంచాన పడినవాళ్లకు నర్సింగ్ కేర్ కావాలి. మన పెద్దవాళ్లకు ఏది అవసరమో ముందు తేల్చుకోవాలి.

చూడటానికి వెళితే బిల్డింగు చూసి వచ్చేయకండి. ఒక పూట అక్కడివాళ్లతో కూర్చుని భోజనం చేయండి. బల్లల దగ్గర మాటలు వినబడుతున్నాయా, లేక అందరూ తలొంచుకుని తింటున్నారా? రాత్రి పూట పిలిస్తే ఎవరు వస్తారు? బాత్రూముల్లో పట్టుకోవడానికి కడ్డీలున్నాయా? దగ్గరలో ఆసుపత్రి ఏది? మంచాన పడితే, మతిమరుపు వస్తే ఉంచుకుంటారా, పంపించేస్తారా? డిపాజిట్ ఎప్పుడు, ఎంత వెనక్కిస్తారు? కాగితం మీద రాసిస్తారా? మనం ఎప్పుడైనా వెళ్లవచ్చా, లేక చెప్పిన టైముకే రావాలా? చేరే ముందు వారం పది రోజులు ఉండి చూసే వీలుందా?

వీటన్నిటికన్నా ముందు ఇంకొకటి. ఆ నిర్ణయం ఎవరిది? పెద్దవాళ్లు తామే కోరుకుని వెళితే అది ఇల్లవుతుంది. మనం సర్దుబాటు కోసం పంపిస్తే అది దింపేసిన చోటవుతుంది. వెళ్లిన తర్వాత మన రాకపోకలు తగ్గితే ఎంత మంచి హోమ్ అయినా ఆ లోటు తీర్చలేదు. అమ్మకు ఊరు కూడా దూరం కాలేదు. మామిడికాయల కాలంలో ఎ.కొండూరు వెళ్లి ఇరవై రోజులు ఉంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం వచ్చాక ఆధార్ కార్డు చూపించి ఉచితంగా బస్సెక్కుతోంది. "ఇప్పుడు నన్ను ఎవరూ దింపక్కర్లేదు" అని ధీమా.

అందరికీ హోమ్ కుదరదు

పెన్షనూ తోటా ఉన్నవాళ్ల మాట చెప్పాను. మా మండలంలో అవి లేనివాళ్లే ఎక్కువ. పిల్లలు కూలి పనులకు పట్నాలకు వెళితే, జబ్బు చేసిన పెద్దవాళ్లు తండాల్లో మిగులుతున్నారు. వాళ్లకు ఏముంది?

ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు ఇంటి దగ్గరే ఇస్తున్నారు. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి గుమ్మం ముందుకొచ్చి పేరు పెట్టి పిలవడం కొందరికి డబ్బంత అపురూపం. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే పెద్దవాళ్లు ఆర్డీవో స్థాయి అధికారి ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. మా ప్రాంతానికి ఆర్డీవో కార్యాలయం తిరువూరులోనే ఉంది. దిక్కులేని పెద్దవాళ్ల కోసం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది ఉండే వసతి గృహాలు ఉండాలని కూడా ఆ చట్టంలో ఉంది.

14567 అనే టోల్ ఫ్రీ నంబరు మీ ఫోన్లలో, మీ పెద్దవాళ్ల ఫోన్లలో వేసుకోండి. ఇది ఎల్డర్ లైన్. దీనికి మొదలు మన దగ్గరే. టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఛారిటబుల్ ఫౌండేషన్ కలిసి 2017లో హైదరాబాద్‌లో ప్రారంభించాయి. 2021 అక్టోబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుగారు దాన్ని దేశమంతటికీ అంకితం చేశారు. పింఛను, చట్టం గురించి సమాచారమే కాదు, మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి కూడా ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు.

డబ్బుతో పని లేకుండా ఊళ్లో కూడా ఆ బెంచీ వేయవచ్చు. గుడి మండపంలోనో, వాడని గదిలోనో పెద్దవాళ్లు రోజూ ఒకే టైముకు చేరే ఏర్పాటు చాలు. నాలుగు కుర్చీలు, ఒక పేపరు, టీ ఫ్లాస్కు. పొలం అమ్ముకుని పట్నం వచ్చేసిన మనలాంటివాళ్లం నెలకు కొంత పంపితే ఆ ఖర్చు గడిచిపోతుంది.

పిల్లలతో మొదలుపెడదాం

నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ పట్టణంలో హ్యుమానిటాస్ అనే వృద్ధుల నివాసం ఉంది. అక్కడ కొందరు కాలేజీ విద్యార్థులకు అద్దె లేకుండా గదులిచ్చారు. బదులుగా వాళ్లు నెలకు 30 గంటలు పెద్దవాళ్లకు మంచి పొరుగువాళ్లుగా ఉండాలి. కలిసి తినడం, టీవీ చూడటం, కంప్యూటర్ నేర్పడం, ఊరికే కబుర్లు చెప్పడం. సేవ పేరుతో ఏడాదికోసారి పళ్లు పంచి ఫొటో దిగడానికీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి.

మన పిల్లలకు అంత వీలుండదు. చదువులు, ట్యూషన్లు నాకూ తెలుసు. కానీ వారానికి ఒక్క ఫోన్ కాల్ వాళ్లను సొంతంగా చేయనివ్వండి. మనం పక్కన కూర్చుని "నమస్తే చెప్పు, బాగున్నారా అను" అని అందించవద్దు. "అమ్మమ్మా, నీకు చిన్నప్పుడు ఎవరంటే భయం?" లాంటి ప్రశ్న ఒకటి వాళ్లనే ఎంచుకోమనండి. మా పాప అలా అడిగి మా అమ్మకు ఏడో తరగతి లెక్కల పరీక్షలో ఎన్ని మార్కులొచ్చాయో కనిపెట్టింది. ఆ సంఖ్య ఇక్కడ రాయకూడదని నాకు గట్టి ఆదేశం.

చివరగా, ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే అమ్మ మీ అందరికీ ఒక మాట చేరవేయమంది. మీ పెద్దవాళ్లు ఏ హోమ్‌లో ఉన్నా, చూడటానికి వెళ్లేటప్పుడు పళ్లూ స్వీట్లూ తేవద్దట. వాళ్లలో సగం మందికి షుగరు. పిల్లల్ని తీసుకురమ్మంది. "మా వరండా చివరి గదిలో ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన్ని చూడటానికి ఎవరూ రారు. మన పిల్లలు వచ్చి గోల చేస్తే ఆయన కుర్చీ తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంటారు" అంది.